సైన్సు పుస్తకం చదవడం ఎలా: డిగ్రీలో చేరిన పిల్లలకి

"రాత్రి పదకొండున్నర దాకా చదివేను సార్. పొద్దున్న లేచి చూస్తే ఏటీ గుర్తులేదు."

డిగ్రీ మొదటి ఏడాది పిల్లల నోట ఈ మాట ఏటా వింటాను. ఏదీ, పుస్తకం చూపించమ్మా అంటే తీస్తారు. పేజీ నిండా పసుపే. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పుస్తకమంతా హైలైటర్ పూసి ఉంటుంది. మార్జిన్‌లో మాత్రం పెన్నుతో రాసిన ఒక్క మాట కనబడదు, ఒక్క ప్రశ్న గుర్తు ఉండదు.

నేను విజయనగరంలో కెమిస్ట్రీ చెబుతాను. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. బీఎస్సీ మొదటి ఏడాదిలో నేనూ ఇలాగే చదివి ఫిజిక్స్ పేపరు పోగొట్టుకున్నాను. గైడులోని డెరివేషన్లన్నీ నోటికి వచ్చు. పేపర్లో అందులోదే ఒకటి ఇచ్చి, చివర చిన్న లెక్క తగిలించారు. డెరివేషన్ గడగడా రాసేశాను. లెక్క దగ్గర ఆగిపోయాను. ఆ సూత్రంలో ఏ అక్షరం దేనికి గుర్తో అంతవరకూ ఆలోచించనే లేదు మరి. ఆ టెన్షన్‌లో మిగతా పేపరూ పోయింది.

సైన్సు పేజీని లెక్క చేసినట్టు చదవాలి. పెన్ను పట్టుకుని, మధ్యమధ్య ఆగి, వెనక్కి వెళ్లి, ఒక్కోసారి పుస్తకం మూసేసి చదవాలి. మెల్లగానే సాగుతుంది. గంటకి మూడు నాలుగు పేజీలు అయ్యాయంటే బాగా అయినట్టే. రోజుకి యూనిట్ లాగించేసే పిల్లల్ని చూసి కంగారు పడకండి.

1. కూర్చునే ముందు

రఫ్ నోట్సు, పెన్ను, పెన్సిలు, కాలిక్యులేటరు. హైలైటర్ అక్కర్లేదు. ఫోను వేరే గదిలో పెట్టండి. హాస్టల్లో వేరే గది ఎక్కడుంది అంటారా, పెట్టెలో వేసి తాళం వేయండి. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది కదా అనే సాకు నాకు తెలుసు, అందుకే విడిగా ఒకటి కొనుక్కోమనేది.

"ఈరోజు యూనిట్ అయిపోవాలి" అని కూర్చోవద్దు. ఒక హెడ్డింగు నుంచి తర్వాతి హెడ్డింగు దాకా, అంతే మీ వాటా.

2. మొదటి పది నిమిషాలు చదవొద్దు

తిరగేయండి. హెడ్డింగులు, బొమ్మలు, పట్టికలు, చివర్లో ఉన్న ప్రశ్నలు. ముఖ్యంగా ఆ ప్రశ్నలు. పాఠం పూర్తయ్యాక చూద్దామని వాటిని చాలామంది వదిలేస్తారు, తర్వాత ఎప్పటికీ చూడరు. ముందే చూస్తే పాఠంలో ఏం వెతకాలో తెలుస్తుంది. సంతకి వెళ్లేటప్పుడు ఏం కొనాలో అనుకుని వెళ్లినట్టు.

తర్వాత రఫ్ నోట్సులో మూడు ప్రశ్నలు రాసుకోండి. హెడ్డింగునే ప్రశ్నగా మారిస్తే సరిపోతుంది. "ప్రథమ క్రమాంక చర్య అర్ధాయువు" (గాఢత ఎంతుంటే అంత వేగంగా సాగే చర్యలో పదార్థం సగం అవడానికి పట్టే కాలం) అని ఉంటే, "సగం అవడానికి పట్టే కాలాన్ని ప్రత్యేకంగా ఎందుకు లెక్కపెడతారు? మూడోవంతు ఎందుకు కాదు?" అని రాయండి. ప్రశ్న తిక్కగా ఉన్నా పర్వాలేదు.

మనుషుల పేర్లు కనబడితే దాటిపోకండి. బయోకెమిస్ట్రీలో ఫాస్ఫరస్‌ని అంచనా కట్టే ఫిస్కె, సుబ్బారావు పద్ధతి ఉంటుంది. ఆ సుబ్బారావు ఎవరో విదేశీయుడని అనుకుంటారు పిల్లలు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే ఆయన. ఆ పద్ధతి 1925లో వచ్చింది. ఈ సంగతి తెలిసిన పిల్ల ఆ పేజీ మరిచిపోవడం నేను చూడలేదు.

3. ఇంగ్లిష్ పుస్తకంతో పడే పాట్లు

మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలకి మొదటి సెమిస్టర్ అంతా పద్మవ్యూహమే. ఇక్కడ నా సలహా కొంతమంది లెక్చరర్లకి నచ్చదు: ముందు తెలుగులో చదవండి. తెలుగు అకాడమీ పుస్తకాలు కాలేజీ లైబ్రరీలో మూలన దుమ్ము కొట్టుకుని ఉంటాయి, అడిగి తీయించుకోండి. విషయం తెలుగులో పట్టుబడ్డాక ఇంగ్లిష్ పేజీ తెరిస్తే భాష ఒక్కటే బరువు. లేకపోతే భాషా, విషయమూ రెండూ ఒకేసారి మోయాలి.

అలాగని ప్రతి మాటకీ డిక్షనరీ తీయకండి. తెలియని పెద్ద మాటలు అంత ప్రమాదం కాదు, తెలియదని తెలుస్తుంది కాబట్టి ఆగి చూసుకుంటాం. తెలిసినట్టు కనిపించే మాటలే ముంచుతాయి.

"నార్మల్" అంటే మామూలు అనుకుంటాం. ఫిజిక్స్‌లో తలానికి లంబంగా ఉన్న గీత. "డీజనరేట్" అంటే చెడిపోయిన అని డిక్షనరీ చెబుతుంది, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే ఆర్బిటాళ్ల దగ్గర మాత్రం ఒకే శక్తి ఉన్నవి అని. "వర్క్" సంగతి మన ఆడవాళ్లని అడగండి. బోరింగు నుంచి నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని చదునైన దారిలో ఇంటిదాకా నడిచి వస్తే, ఆ నడకలో గురుత్వ బలం చేసిన పని సున్నా అంటుంది ఫిజిక్స్. మెడ నొప్పి మాత్రం సున్నా కాదు.

అన్నిటికన్నా మోసకారి "స్పాంటేనియస్". వెంటనే జరిగిపోయేది అని రాస్తారు పిల్లలు. బయటి నుంచి శక్తి ఇస్తూ ఉండనక్కర్లేకుండా తనంతట తాను జరగగలిగేది అని దాని అర్థం. ఎంత వేగంగా జరుగుతుందన్నది వేరే సంగతి. మామూలు ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర వజ్రం గ్రాఫైటుగా మారడం స్పాంటేనియస్ చర్యే. అయినా వజ్రపుటుంగరం ఉన్నవాళ్లెవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు, కంటికి తెలిసేంత వేగంతో అది జరగదు.

నోట్సు చివరి పేజీల్లో ఇలాంటి మాటలకి ఒక జాబితా పెట్టుకోండి. ఎడమవైపు మాట, కుడివైపు ఆ సబ్జెక్టులో దాని అర్థం, కింద మీ సొంత వాక్యం ఒకటి. ఇంకో మాట "రెస్పెక్టివ్లీ". వరుసగా అని అర్థం. "సోడియం, పొటాషియం లవణాలు జ్వాలకి పసుపు, లేత ఊదా రంగులు రెస్పెక్టివ్లీ ఇస్తాయి" అని ఉంటే, మొదటిదానికి మొదటి రంగు, రెండోదానికి రెండో రంగు. ఈ ఒక్క మాట తెలియక ల్యాబ్‌లో ఉప్పులు తారుమారు చేసినవాళ్లున్నారు.

4. పెన్ను ఎక్కడ కదలాలి

అసలు పని ఇక్కడే, కాస్త ఓపిక పట్టండి. ఒక పేజీ కలిసి చదువుదాం. ప్రథమ క్రమాంక చర్య అర్ధాయువు.

ఒక తెల్ల కాగితం తీసుకుని పేజీ మీద కప్పండి, మొదటి లైను మాత్రమే కనిపించేలా. చర్య రేటు అంటే ఏ అనే పదార్థం గాఢత కాలంతో మారే రేటు, ముందు మైనస్ గుర్తు, అది కె (రేటు స్థిరాంకం) ఇంటూ ఏ గాఢతకి సమానం అని ఉంటుంది. ఆగండి. మైనస్ ఎందుకు? పదార్థం ఖర్చయిపోతోంది, గాఢత తగ్గుతోంది, కాబట్టి ఆ మార్పు రుణాత్మకం. రేటుని ధనాత్మకంగా చెప్పుకోవడానికి ముందు ఇంకో మైనస్ పెట్టారు. ఈ రెండు ముక్కలూ మార్జిన్‌లో రాయండి.

కాగితం కిందికి జరపకముందే తర్వాతి లైను మీరే రాయడానికి ప్రయత్నించండి. రాకపోతే జరిపి చూడండి. "ఆన్ ఇంటిగ్రేషన్" అని ఒక్క మాటతో పుస్తకం రెండు లైన్లు ఎగరేసి ఉంటుంది. పుస్తకం ఎగరేసిన లైన్లు మీరు రాయాలి. గాఢతలన్నీ ఒకవైపుకి, కాలం ఇంకోవైపుకి తెచ్చి, మొదట్లో ఉన్న గాఢత నుంచి ఇప్పటి గాఢత దాకా సమాకలనం చేస్తే, మొదటి గాఢతని ఇప్పటి గాఢతతో భాగించి సహజ లాగరిథమ్ తీసుకున్నది కె ఇంటూ కాలానికి సమానం అని వస్తుంది. మీ పెన్నుతో ఒక్కసారి వచ్చిందంటే ఇక బట్టీ పట్టే పని లేదు.

తర్వాత సగం. మొదటి గాఢతని దాని సగంతో భాగిస్తే రెండు. రెండుకి సహజ లాగరిథమ్ 0.693. కాబట్టి అర్ధాయువు అంటే 0.693ని కె తో భాగించగా వచ్చేది. ఇక్కడ పుస్తకం తాపీగా అంటుంది, "అర్ధాయువు తొలి గాఢత మీద ఆధారపడదని స్పష్టం" అని. పుస్తకంలో "స్పష్టం", "సులభంగా చూపవచ్చు" అన్న మాటలు ఎక్కడ కనబడినా అక్కడ గుంత ఉందని గుర్తుపెట్టుకోండి. రచయితకి స్పష్టం, మనకి కాదు. వెనక్కి వెళ్లి చూడండి: సగంతో భాగించినప్పుడు తొలి గాఢత పైనా కిందా కొట్టివేతలో పోయింది. మిగిలిన సూత్రంలో అది లేదు. అందుకే ఆధారపడదు. ఇప్పుడు స్పష్టం.

అంకెలు వేయండి. కె విలువ నిమిషానికి 0.0231 అనుకుంటే అర్ధాయువు 30 నిమిషాలు. 100 పాళ్లతో మొదలుపెడితే అరగంటకి 50, గంటకి 25, గంటన్నరకి 12.5. యూనిట్లు కూడా చూడండి. కె "నిమిషానికి" లో ఉంది కాబట్టి భాగహారం చేస్తే నిమిషాలు వచ్చాయి. రాకపోతే ఎక్కడో తప్పు చేసినట్టే.

ఇక్కడితో ఆపకుండా పక్కదానితో పోల్చండి. శూన్య క్రమాంక చర్యలో, అంటే గాఢత ఎంతున్నా రేటు మారని చర్యలో, అర్ధాయువు తొలి గాఢత మీద ఆధారపడుతుంది. ఎందుకు? రేషను డిపో దగ్గర లైను తలుచుకోండి. డీలరు గంటకి ఇరవైమందికే సరుకులు ఇవ్వగలడు. లైన్లో 100 మంది ఉంటే సగం తగ్గడానికి రెండున్నర గంటలు. 40 మందే ఉంటే ఒక్క గంట. లైను ఎంత పొడుగున్నా డీలరు చెయ్యి అదే వేగంతో ఆడుతుంది. వేడి ప్లాటినం మీద ఎక్కువ పీడనంలో అమ్మోనియా విఘటనం చెందడం కూడా అచ్చంగా ఇదే. ప్లాటినం తలం అంతా నిండిపోయింది, బయట ఎంత అమ్మోనియా కాచుకుని ఉన్నా రేటు పెరగదు. ఈ పోలిక క్లాసులో చెప్పిన ఏడాది ఆ ప్రశ్నకి పిల్లలు రేషను డిపో బొమ్మ గీసి మరీ జవాబు రాశారు. ఒకడు సర్వర్ డౌన్ అని కూడా రాశాడు, మార్కు తీసెయ్యడానికి మనసు రాలేదు.

5. బొమ్మలు, గ్రాఫులు

బొమ్మని చూసి ఊరుకోకండి, గీయండి. వంకరగా వచ్చినా సరే.

గ్రాఫు దగ్గర గీత కంటే ముందు అక్షాల పేర్లు చదవండి. ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎలా మారుతుందో చూపే అరీనియస్ గ్రాఫు ఉంటుంది కదా, అడ్డంగా ఉష్ణోగ్రత అనుకుని చదివేస్తారు. సరిగ్గా చూస్తే అక్కడున్నది ఒకటి బై ఉష్ణోగ్రత. అంటే కుడివైపుకి వెళ్లేకొద్దీ చల్లబడుతున్నట్టు. నిలువుగా రేటు స్థిరాంకం కాదు, దాని లాగరిథమ్. ఇప్పుడు గీత కిందికి ఎందుకు వాలిందో మీరే చెప్పగలరు: చల్లబడితే చర్య నెమ్మదిస్తుంది. ఆ వాలు ఎంత నిటారుగా ఉంటే ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి కావలసిన కనీస శక్తి) అంత ఎక్కువ. ఇంత సంగతి ఒక్క గీతలో ఉంది. బిట్ పేపర్లో ఈ గ్రాఫు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా దారి ఇదొక్కటే.

6. పుస్తకం మూసి, మీ మాటల్లో

హెడ్డింగు అయిపోయింది. పుస్తకం మూయండి. ఖాళీ కాగితం మీద గుర్తున్నంత రాయండి. మొదట్లో నాలుగు లైన్లు కూడా రావు, కాస్త అవమానంగానే ఉంటుంది. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. రేపు చదవాల్సింది ఆ రంగులో ఉన్నదే.

దీనికన్నా ఇంకో నాలుగుసార్లు చదివితే పోలేదా అంటారు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో ఇదే పరీక్షించి చూశారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది: గుర్తు తెచ్చుకున్నవాళ్లకి 61 శాతం, చదువుకుంటూ పోయినవాళ్లకి 40 శాతం. పరీక్ష హాలు గేటు దగ్గర పుస్తకం తిరగేసేవాళ్లకి అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో ఆ మొదటి అయిదు నిమిషాల సంగతి చూస్తే తెలుస్తుంది.

రాయడం అయ్యాక ఎవరికైనా చెప్పండి. సైన్సు చదవనివాళ్లయితే మరీ మంచిది. మా విద్యార్థిని ఒకమ్మాయి ద్రవాభిసరణ గురించి వాళ్లమ్మకి చెప్పబోయింది. పలుచని పొర, ఇటు గాఢత, అటు గాఢత అని మొదలుపెడితే ఆవిడ మాగాయ ముక్కలు తరుగుతూ విని, "అదేటే, ముక్కలకి ఉప్పేసి ఉంచితే ఊట దిగదా? అదే కదేటి నువ్వు సెప్తన్నది" అందట. అదే. బయట ఉప్పు గాఢత ఎక్కువ, కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది. మూడో రోజుకి జాడీలో దిగిన ఊట అంతా ఆ నీరే. ఆ పిల్ల పరీక్షలో నీటి శక్మం (వాటర్ పొటెన్షియల్) ప్రశ్నకి మాగాయతో మొదలుపెట్టి, ప్లాస్మోలిసిస్ (నీరు పోయి కణంలోని పదార్థం గోడని వదిలి ముడుచుకోవడం) దాకా తీసుకెళ్లి రాసింది. ఎండు చేపలకి ఉప్పు ఎందుకు పట్టిస్తారో కూడా అక్కడే తేలిపోయింది.

మన మాటలో చెప్పుకోవడానికి కొందరికి మొహమాటం. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. మనకి కూడా మొహమాటమేనా?

7. మళ్లీ ఎప్పుడు?

మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకి ఒకసారి, ఇంకో వారానికి ఒకసారి. ప్రతిసారీ ముందు ఖాళీ కాగితం, తర్వాతే పుస్తకం. పావుగంట చాలు.

రైల్లో వచ్చేవాళ్లకి ఇది భలే కుదురుతుంది. శ్రీకాకుళం రోడ్డులో ఎక్కి విజయనగరంలో దిగే పిల్లలు బోగీలో పుస్తకం తెరిచి కొత్త డెరివేషన్ మొదలుపెడతారు. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని అది జరిగే పని కాదు. కొత్తది ఇంటి దగ్గర, పాతది రైల్లో. పొందూరు వచ్చేలోగా నిన్నటి హెడ్డింగు తలలో ఒకసారి తిప్పుకోండి. ఎక్కడ ఆగిపోయారో చీటీ మీద ఒక మాట రాసుకోండి. చీపురుపల్లి దాటాక పక్కనున్న స్నేహితురాల్ని అడగండి. ఆ తర్వాత కబుర్లు చెప్పుకోండి, నేనేమీ అనను.

గైడుల గురించి కూడా చెప్పాలి. వాటిని తగలబెట్టమని నేను అనను. పరీక్షకి వారం ముందు ప్రశ్న ఎలా అడుగుతారో చూసుకోవడానికి పనికొస్తాయి. సెమిస్టర్ మొదట్లోనే గైడు చేతికొచ్చిందంటే మాత్రం అసలు పుస్తకం ఇక తెరుచుకోదు.

8. ఎంతకీ అర్థం కాకపోతే

మూడుసార్లు చూశాక కూడా ఒక లైను లొంగకపోతే పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ముందుకెళ్లండి. తర్వాతి పేరాలో దానికి జవాబు దొరకడం మామూలే. దొరక్కపోతే అడగాలి. అడగడంలోనే ఉంది అంతా. "సార్, యూనిట్ అర్థం కాలేదు" అంటే నేను యూనిట్ మొత్తం మళ్లీ చెబుతాను, మీకు మళ్లీ అర్థం కాదు. పేజీ, లైను చెప్పండి. "ఈ లైను నుంచి కింది లైనుకి ఎలా వచ్చారు?" అనండి. అలా అడగాలంటే అక్కడిదాకా మీరు పెన్నుతో వచ్చి ఉండాలి.

కిందటి ఏడాది ఒక కుర్రాడు అలాగే వచ్చాడు. వెనక బెంచీ, ఎప్పుడూ నోరు విప్పడు. రఫ్ నోట్సు నా బల్ల మీద పెట్టి, "సార్, నాకు ఇక్కడ మైనస్ వస్తాంది. పుస్తకంలో ప్లస్ ఉంది. నాలుగుసార్లు చేసేను. నా తప్పు ఎక్కడో సెప్పండి" అన్నాడు. నేను తాపీగా పెన్ను తీసి మొదలుపెట్టాను. అయిదో లైనుకి నాకూ మైనస్ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ మైనస్. వాడు చేసిందే రైటు, అచ్చు తప్పు పుస్తకానిది. ఆ పుస్తకంలోంచే నేను తొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను.

ఆ ప్లస్‌ని కొట్టేసి పక్కన మైనస్ పెట్టమని పెన్ను వాడికే ఇచ్చాను. నా పుస్తకంలో ఆ పేజీలో ఉన్నది వాడి చేతిరాతే.